బలము చేతిలో నున్నదా, పాదములో నున్నదా?

గుడివాడలోగాని మచిలీపట్టణములోగాని ఉన్నత పాఠశాల ఆటస్థలమున సాఫ్ట్‌బాల్ సాధన జరుగు సాయంకాలము గట్టున నిలిచి చూచువారు తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. కండపట్టి, ధాన్యపు బస్తా నెత్తగల పిల్లవాడు పండ్లు బిగబట్టి విసరిన బంతి రెండవ బేసునకు చేరకమునుపే నేలబడి దొర్లుచుండగా, వాని బరువులో సగమైనను లేని సన్నని పిల్ల యొకతె అలవోకగా విసరిన బంతి గీత గీసినట్లు పోయి అవతలి గ్లవ్‌లో చప్పుడు చేయుచు పడుచున్నదే, ఇది యెట్లు సాధ్యము?

ఈ ప్రశ్నకు గట్టుమీదనే రెండు సమాధానములు సిద్ధముగా నుండును. "అది పుట్టుకతో రావాలండీ" అని యొకరు. "చెయ్యి సాగిన చెయ్యి, అందుకే" అని మరియొకరు. తమ బిడ్డను పోటీకి పంపదలచిన తండ్రి వచ్చి, "మా అమ్మాయి చేతిలో సత్తువ లేదండీ మాస్టారూ, దానికి విసరడం రాదు" అని వాపోవును. అందరును గుణమునైనను దోషమునైనను చేతియందే వెదకుదురు. నాకు తోచినంతవరకు మన పాఠశాలలలో ఈ యాట నేర్పుటయందు గల ప్రధానమైన లోపమిదియే. విసరుటయు బాదుటయు పాదమున మొదలై చేతిలో ముగియు పనులు. కనుక నేర్పువారు మొదట దిద్దవలసినది పాదము, పిదప నడుము, కట్టకడపట మాత్రమే చేయి.

సాఫ్ట్‌బాల్ మనకు క్రొత్త యాటయే. 1887వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున, చలికాలపు ఆటవిడుపుగా నొక క్లబ్బు గదిలో, ముడిచుట్టిన బాక్సింగ్ గ్లవ్‌నే బంతిగాను, చీపురు కర్రనే బ్యాటుగాను చేసికొని యువకులు కొందరు ఆడిన ఆట పెరిగి పెద్దదై, 1996 మొదలు 2008 వరకును, తిరిగి టోక్యోలోను ఒలింపిక్ క్రీడలలో స్త్రీల పోటీగా నిలిచినది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వారి పట్టికలో చేరుటచే అది మన పల్లెలకును వచ్చినది. ఇప్పుడు కృష్ణా డెల్టాలో నీ యాట నాడు పిల్లలలో అనేకులు టెలివిజనులో నొక్కసారియైనను దానిని చూచియెరుగని వారు. చూచి అనుకరించుటకు వీలు లేనిచోట నేర్పువాని మాటయే సర్వస్వము గనుక, ఆ మాట సరియైనదిగా నుండుట మరింత అవసరము.

పడవమీది వలకాడు

బలమే ప్రధానమైనచో చింపాంజీ మనుష్యునికంటె దూరముగా విసరవలసి యుండెను. ఎదిగిన చింపాంజీ మగది మనుష్యునికంటె బలిష్ఠమైన జంతువు. అయినను దాని విసరు గంటకు 32 కిలోమీటర్ల వేగమునకు మించదు. చక్కగా శిక్షణ పొందిన పండ్రెండేండ్ల బేస్‌బాల్ పిల్లవాడు దానికి మూడింతల వేగముతో విసరగలడు. ఈ వైచిత్ర్యమునకు కారణమును వెదకిన నీల్ రోచ్, మధుసూదన్ వెంకటేశన్, మైకేల్ రెయిన్‌బో, డేనియల్ లీబర్మన్ అను శాస్త్రజ్ఞులు 2013లో 'నేచర్' పత్రికయందు తమ పరిశోధనను ప్రకటించిరి. వంగి తిరుగగల పొడవైన నడుము, ప్రక్కకు తిరిగియున్న భుజపు గూడు, పై చేయి ఎముకలోని మెలి, ఇవి కలిసి మనుష్యుని చేతిని వెనుకకు సాగదీసి దాని కండరబంధములయందు శక్తిని నిలువచేయుననియు, ఆ శక్తి ఒక్క క్షణములో నూడివచ్చుననియు, ఈ యమరిక సుమారు ఇరువది లక్షల సంవత్సరముల క్రిందటనే మన పూర్వికులయందు కుదిరెననియు వారి నిర్ణయము.

ఈ సంగతిని యంత్రములు లేకయే గ్రహింపగోరువారు తెల్లవారుజామున నాగాయలంక రేవునకు పోవలెను. కృష్ణానది దివిసీమను చుట్టుకొని పాయలై సముద్రమును చేరబోవు ఆ ప్రాంతమున చిన్న పడవమీద నిలిచి విసురువల వేయువానిని దగ్గరనుండి చూడవలెను. వలత్రాటి కొనను అతడు మణికట్టునకు ఉచ్చువేసికొనును. తడిసిన వలను మడతలుగా చేతబట్టి, అంచున వ్రేలాడు సీసపు గుళ్ళలో కొన్నిటిని మోచేతిపై వైచుకొని, తక్కినవానిని రెండవ చేతికి పంచుకొనును. తడిసిన వల బరువుగా నుండును. దానిని చేతిసత్తువతోనే విసరబోవు క్రొత్తవాడు ముద్దగా నీటిలో పడవేయును. నేర్చినవాడు మొదట వలతో గూడ మొండెమును వెనుకకు త్రిప్పును, క్షణమాత్రము నిలుచును, పిదప వెనుక మడమ పడవచెక్కను తన్నును, తుంటి ముందునకు తిరుగును, తుంటివెంట నడుము, నడుమువెంట భుజము వచ్చును, అన్నిటికిని వెనుక చేతులు వచ్చును, చేతులు వలను విడుచునప్పటికి తుంటి ఇంచుమించు ఆగిపోయియుండును. వల గాలిలో గుండ్రముగా విచ్చుకొని, గుళ్ళన్నియు నొక్కసారిగా నీటిని తాకును. ఆ క్షణముననే పడవ వెనుకకు జరుగును.

పడవ వెనుకకు జరుగుట గమనింపవలసిన విషయము. న్యూటను చెప్పిన మూడవ సూత్రము ప్రకారము, ఎంత త్రోపు ముందునకు పోయెనో అంత త్రోపు వెనుకకును పోవలెను. వల ముందునకు పోయినది గనుక పడవ వెనుకకు పోయినది. నేలమీద విసరు పిల్ల పాదముక్రింద భూమియున్నది. భూమి జరుగదు గనుక మనకు కానరాదు గాని, అక్కడను బంతికి వేగమిచ్చు త్రోపు నేలనుండియే పుట్టుచున్నది. వానకు తడిసిన మన నల్లరేగడిలో పాదము జారినప్పుడు ఎంత కండగల చేయియైనను బంతిని దగ్గరలోనే పడవేయుటకు కారణమిదియే. తన్నుటకు పట్టులేనిచోట విసరుటకు బలము లేదు.

రెండవ విశేషము వరుస. తుంటి, మొండెము బరువైనవి, మెల్లగా తిరుగునవి. చేయి తేలిక, మణికట్టు మరింత తేలిక. బరువైన భాగము తిరుగుచు తిరుగుచు చటుక్కున నాగినప్పుడు దానిలోని కదలిక ఎక్కడికిని పోలేక తనకు తగిలియున్న తేలికభాగములో జొరబడి దానిని మరింత వేగముగా త్రిప్పును. ఇట్లు ఒక్కొక్క అవయవము తన కదలికను పై యవయవమున కప్పగించి తానాగిపోవుచుండుటను కదలికల గొలుసు అనవచ్చును. ఇంగ్లీషు గ్రంథములలో కైనెటిక్ చెయిన్ అని వ్యవహరింపబడునది యిదే. ఈ గొలుసు కొసను బేస్‌బాల్ పిచ్చరుల, అనగా బ్యాటువానికి బంతి విసరువారి, భుజము తిరుగు వేగము సెకనుకు 7000 డిగ్రీలని కొలిచినారు. ఆ వేగమే నిలిచి యుండగలిగినచో సెకనులో 19 చుట్లకు పైగా తిరుగును. మానవదేహము చేయు చలనములన్నిటిలో నింతకంటె శీఘ్రమైనవి అరుదు. ఏ కండరమును తనంతట తానుగా నింత వేగమును పుట్టింపజాలదు. అందుచేతనే గొలుసు తెగినచో, అనగా తుంటియు భుజమును చేయియు నొక్కసారిగా ముందునకు వచ్చినచో, బలవంతుని బంతి కూడ నేలపాలగును. గట్టుమీది ప్రశ్నకు సమాధానము ఇంతే: ఆ సన్నని పిల్ల దేహము వరుస తప్పలేదు.

అడుగు నుండి వ్రేళ్ళ దాక

చిన్నపిల్లలు విసరుట నెట్లు నేర్చుకొందురో 1938లోనే మోనికా వైల్డ్ అను అమెరికా పరిశోధకురాలు రెండేండ్లు మొదలు పండ్రెండేండ్ల వరకుగల పిల్లలను చలనచిత్రములు తీసి వివరించెను. మొదట పిల్ల ఎదురుగా తిరిగి, పాదములు కదల్పక, ముంజేతితో మాత్రము బంతిని క్రిందికి కొట్టును. పిదప మొండెము కొంచెము తిరుగును గాని పాదములు కదలవు. ఆ తరువాత కుడిచేత విసరుచు కుడికాలే ముందునకు వేయును. కడపట మాత్రమే కుడిచేతికి ఎడమకాలు ముందునకు వచ్చును. మన పాఠశాలలలో ఆరవ తరగతికి వచ్చిన పిల్లలయందును ఈ మూడవ మెట్టుననే ఆగినవారు పెక్కుమంది కనబడుదురు. కుడిచేయి కుడికాలు కలిసి ముందునకు వచ్చినప్పుడు తుంటి తిరుగుటకు చోటే లేదు. అట్టివారిని "ఇంకా గట్టిగా వెయ్యి" అని హెచ్చరించుట వలన ఫలమేమి?

ఆడపిల్లలకు విసరుట పుట్టుకతోనే రాదను మాట ఊరూర విందుము. ఎదిగిన పిమ్మట దేహనిర్మాణమందు భేదములున్నమాట నిజమే గాని, ఆ మాటలో నధికభాగము అలవాటునకు చెందినది. జెర్రీ థామస్ అను పరిశోధకుడును ఆయన సహచరులును ఆస్ట్రేలియా ఆదివాసుల పిల్లలను పరీక్షించినప్పుడు, బాలబాలికల విసరులలోని వ్యత్యాసము ఇతర సమాజములకంటె తక్కువగా కనబడినది. అక్కడ బాలికలు కూడ చిన్ననాటినుండి విసరుచు పెరుగుదురు. మన యింట మగపిల్లవానికి మూడవయేటనే బంతి చేతికి వచ్చును. ఆడపిల్లకు పాఠశాల జట్టులో చేరిన తరువాత వచ్చును. ఎనిమిది తొమ్మిదేండ్ల యభ్యాసము వెనుకబడినదానిని స్వభావమని పిలుచుట అన్యాయము.

ఇక నేర్పువిధము. పిల్లను గురికి ప్రక్కగా నిలుపవలెను; గ్లవ్ ఉన్న భుజము గురివైపునకు చూడవలెను. వెనుక పాదము అడ్డముగా నేలను పట్టియుండవలెను. ముందు పాదము గురివైపునకు సూటిగా సాగి, వ్రేళ్ళు కొంచెము లోపలికి తిరిగి, నేలనాని గట్టిగా నిలువవలెను. ఇది మూలమంత్రము వంటిది. ముందుకాలు మెత్తబడి వంగిపోయినచో దేహము ఆగదు, ఆగకున్న కదలిక పైకి ప్రాకదు. ఆ పాదము నేలను తాకునప్పటికి చేయి వెనుకనే యుండవలెను, మోచేయి భుజమెత్తున నుండవలెను. పిమ్మట తుంటి తిరుగగా, భుజము దాని ననుసరింపగా, ముంజేయి వెనుకకు వాలి, చటుక్కున ముందునకు వచ్చి, కనులముందర బంతిని విడుచును. విడిచిన చేయి అక్కడనే యాగరాదు. దేహమునకు అడ్డముగా రెండవ తొడదాక దిగిపోవలెను. వేగముగా వచ్చిన చేతిని హఠాత్తుగా నిలిపినచో ఆ భారమంతయు భుజపు వెనుకటి చిన్న కండరములమీద పడును.

పట్టు విషయమున మన పిల్లలకొక చిక్కు కలదు. క్రికెట్టు బంతి చుట్టుకొలత 22.9 సెంటీమీటర్లకు మించదు. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 30.5 సెంటీమీటర్లు, బరువు 178 మొదలు 198 గ్రాముల వరకు. చిన్నచేతికి రెండు వ్రేళ్ళతో నది నిలువదు గనుక పిల్ల దానిని అరచేతిలో నదిమిపట్టి, గుండు త్రోసినట్లు త్రోయును. దీనికి కోపపడి ప్రయోజనము లేదు. కుట్లకడ్డముగా మూడు నాలుగు వ్రేళ్ళు వేయనిచ్చి, బంతికిని అరచేతికిని నడుమ వెలుతురు కనబడునట్లు పట్టించిన చాలును. పదేండ్లలోపు వారికి చుట్టుకొలత 28 సెంటీమీటర్లుగల చిన్నబంతి యున్నది. అది దొరకనిచోట టెన్నిసు బంతితో మొదలిడుట మేలు.

పాదముల మహిమను పిల్లలకు ఉపన్యాసముచే గాక పరీక్షచే చూపవచ్చును. ఒకే పిల్లచే మొదట మోకాళ్ళమీద కూర్చుండి బంతిని విసరింపుడు. పిదప నిలిచి, పాదములు కదల్పకుండ. పిదప ఒక అడుగు సాగించి. బంతిపడిన మూడు తావులను వారిచేతనే అడుగులతో కొలిపింపుడు. చేయి మూడుసార్లును అదే చేయి. పెరిగిన దూరమంతయు నెక్కడనుండి వచ్చినదో వారే చెప్పుదురు.

మాటల యెంపిక గురించి కూడ నొక్క విషయము. గాబ్రియేల్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును 1990ల చివరినుండి పెక్కు విద్యలయందు పరీక్షలు జరిపి, నేర్చుకొనువాని దృష్టి తన అవయవముమీద నున్నప్పటికంటె ఆ అవయవము సాధింపవలసిన ఫలితముమీద నున్నప్పుడు చలనము సుకరముగా కుదురుచున్నదని చూపిరి. "మోచెయ్యి పైకెత్తు, మోచెయ్యి పైకెత్తు" అని పదిసార్లరచిన మాస్టారి పిల్ల మోచేతినే తలచుకొని బిగుసుకొనిపోవును. "అదిగో, ఆ తాడు మీదనుంచి వెయ్యమ్మా" అన్నచో మోచేయి తనంతట తానే లేచును. సున్నముతో గీచిన గీతను చూపి "ఈ గీత మీద ముందడుగు పడాలి" యనుట, అరగంట పాఠముకంటె మేలు.

చేతికలవడిన క్రికెట్టు

బ్యాటు విషయమునకు వచ్చునప్పటికి మనవారు ఖాళీచేతులతో రారు. క్రికెట్టును వెంటబెట్టుకొని వచ్చెదరు. రావలసినదే. భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు 1932లో లార్డ్సు మైదానమున నాయకత్వము వహించిన కొఠారి కనకయ్య నాయుడు పుట్టినది నాగపురమునందైనను, ఆయన పూర్వులు మచిలీపట్టణపు వారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఆర్థర్ గిల్లిగన్ నాయకుడుగా వచ్చిన ఎం.సి.సి. జట్టుపై ఆయన చేసిన 153 పరుగులలో 11 సిక్సర్లు గలవు. ఆరడుగుల యెత్తుగల ఆయన బలము ప్రసిద్ధమే. కాని బంతిని గోడదాటించినది బ్యాటు నెత్తి దింపిన భుజములు మాత్రమే గావు, ముందునకు సాగి నేలను పట్టిన పాదము. ఈ మూలము రెండు యాటలకును సమానము.

తక్కినదంతయు వేరు. క్రికెట్టులో బంతి నేలను తాకి పైకి లేచును గనుక బ్యాటు నిలువుగా దిగవలెను. ముందు మోచేయి ఎత్తుగా నుండవలెను. అడ్డబ్యాటు ఆడినవాడు చీవాట్లు తినును. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేలను తాకకయే మోకాలికిని రొమ్మునకును నడుమ వచ్చును గనుక బ్యాటు భుజమువెనుకనుండి ఇంచుమించు అడ్డముగానే రావలెను. క్రికెట్టు బ్యాటు ముఖము చదునైనది, 10.8 సెంటీమీటర్ల వెడల్పుగలది; సాఫ్ట్‌బాల్ బ్యాటు గుండ్రనిది, దాని లావైన చోట అడ్డుకొలత 5.7 సెంటీమీటర్లు మాత్రమే. గుండ్రని బంతిని గుండ్రని కర్ర తాకునప్పుడు ఒక సెంటీమీటరు పైకి తప్పిన బంతి నేలకు కొట్టుకొనును, క్రిందికి తప్పిన ఆకసమునకు లేచి చేతికి చిక్కును. కనుక ఇక్కడ బలముకంటె తాకిన చోటే ప్రధానము.

క్రికెట్టు పిల్ల చేయు తప్పులు మూడు విధములు. బ్యాటును కాలిప్రక్క నేలకానించి నిలుచును. అక్కడనుండి దానిని పైకెత్తి త్రిప్పునప్పటికి బంతి వెళ్ళిపోవును. రెండు చేతులను గుప్పిళ్ళుగా బిగించి పట్టును, మణికట్లు బిగుసుకొనును. తలుపు తట్టునప్పుడు ముందుకువచ్చు కణుపులు రెండు చేతులవియు నొక వరుసలో నుండునట్లు వ్రేళ్ళతో పట్టించిన మణికట్లు వదులగును. కొట్టిన పిమ్మట బ్యాటుతోనే పరుగెత్తును; ఇది చిన్నతనమున నలవడిన మమకారము, దానిని విడిపించుటకు కొంచెము కాలము పట్టును.

సరియైన బాదుటలో మొదట బరువు వెనుక పాదముమీదికి పోవును. ముందు పాదము జానెడు సాగును. అది నేలనానిన పిదప తుంటి తిరుగును. తుంటికి వెనుక చేతులు బయలుదేరి, దేహమునకు దగ్గరగా వచ్చి, ముందు పాదమునకు ఎదురుగా బంతిని కలియును. వలకాని వరుసయే యిది. నేర్పుటకు నడుమెత్తున నొక పి.వి.సి. గొట్టము పాతి, దానిపై బంతి నిలిపి కొట్టించుట మంచిది. కదలని బంతియైనచో పిల్ల తన పాదములను తలచుకొన తీరిక దొరకును.

బ్యాటు బరువు విషయమున తల్లిదండ్రులకు గల భ్రమ తొలగవలెను. బరువైన బ్యాటు దూరముగా కొట్టునని వారు పెద్దది కొనియిత్తురు. తిరుగు వస్తువునకు తన బరువొక్కటే గాక ఆ బరువు చేతినుండి యెంత దూరమున నున్నదో అదియు అడ్డంకియే; దూరము రెట్టింపైన ఆ భాగపు అడ్డగింపు నాలుగు రెట్లగును. కొసబరువు బ్యాటును ఈడ్చుచు త్రిప్పు పిల్ల బంతిని ఆలస్యముగా కలియును, వరుసయు చెడును. వేరొకటి కొనలేని పిల్ల పిడిమీద రెండంగుళములు పైకి పట్టుకొన్నచో అదే బ్యాటు తేలికయగును.

చూచుటయు నిర్ణయించుటయు

అంతర్జాతీయ స్థాయి స్త్రీల పోటీలలో పిచ్చరు నిలుచు దూరము 13.11 మీటర్లు, గంటకు 105 కిలోమీటర్ల వేగముతో ఆమె విడిచిన బంతి సుమారు 0.4 సెకనులో బ్యాటును చేరును. కంటికి కనబడినదానికి దేహము స్పందించుటకే 0.2 సెకను కావలయును. మిగిలిన కాలములో బ్యాటు తిరిగి రావలెను. మన పిల్లలకు వచ్చు బంతులు గంటకు 60 కిలోమీటర్లకు అటునిటు. వారికి దాదాపు 0.65 సెకను దొరకును. ఏ విధముగా చూచినను, బంతి సగము దారిలో నుండగనే కొట్టుటయా మానుటయా యని తేలిపోవలెను. అందుచేత కనులు బంతిమీదికంటె ముందుగా పిచ్చరు తొడప్రక్కన బంతిని విడుచు చేతిమీద నుండవలెను, తల కదలకుండవలెను, ముందడుగు చిన్నదిగా నుండవలెను, ఏలయన పెద్దయడుగు వేసిన తల క్రుంగును, తల క్రుంగిన కంటికి బంతి మార్గము మారినట్లు తోచును.

ఎదుగుచున్న ఎముక

పెద్దలకు వర్తించు శిక్షణ పిల్లలకు వర్తింపకపోవుటకు ముఖ్యకారణము ఎముకల కొనలయందున్న మృదువైన ఎదుగుదల పొర. మోచేతి లోపలివైపు చేతికి తగులు బొడిపె దాదాపు పదునైదు పదునారేండ్లవరకు తక్కిన ఎముకతో పూర్తిగా అతుకుకొనదు. విసరునప్పుడు కండరబంధములు ఆ బొడిపెనే లాగును. ఎముకకంటె ఆ పొరయే మెత్తన గనుక, మితిమీరిన విసరువలన మొదట నలుగునది యదియే. అమెరికాలో బేస్‌బాల్ పిల్లలయందు కనబడు ఈ బాధను వైద్యులు 1960లో 'లిటిల్ లీగ్ ఎల్బో' యని పేరిడి వర్ణించిరి; 2007 నుండి అక్కడి లిటిల్ లీగ్ బేస్‌బాల్ వారు పిచ్చరు దినమునకు వేయదగిన బంతులకు హద్దు పెట్టిరి: తొమ్మిది పదేండ్లవారికి 75, పదునొకండు పండ్రెండేండ్లవారికి 85. సాఫ్ట్‌బాల్ పిచ్చరు చేతిని క్రిందినుండి త్రిప్పి విసరును గనుక ఆమె కెట్టి యపాయమును లేదని యనుకొనువారు గలరు. అది సరికాదు, గిరగిర తిరుగు ఆ చేయి భుజపు కీలును లాగు బలము, పైనుండి విసరు పిచ్చరుల విషయమున కొలిచిన బలమునకు తీసిపోదని పరీక్షలలో తేలినది.

మన యొద్ద నపాయము మరియొక రూపమున వచ్చును. ఏడాది పొడుగున బంతి తాకని పిల్లను జిల్లాపోటీకి వారము ముందు పిలిచి, ఉదయము సాయంకాలము వందలకొలది విసరింతురు. అట్టిచోట వరుస తెలియని పిల్ల, తుంటి చేయవలసిన పనిని మోచేతిచేత చేయించును. ఆ బొడిపె భారము వహింపజాలదు. సంవత్సరమంతయు వారమునకు రెండు మూడు దినములు కొద్దికొద్దిగా విసరింపవలెను. నడుమ బాదుటయు పరుగులును చేయింపవలెను. అలసిన పిల్ల మోచేయి భుజముకంటె క్రిందికి జారుట కనబడినప్పుడు ఆనాటి విసరుటను అక్కడితో నాపివేయవలెను.

మోచేతి లోపలివైపున వ్రేలితో నొక్కి చూచి, నొప్పి యన్న పిల్ల ఎంత వేడుకొన్నను బంతిని ఆమె చేతికీయరాదు, వైద్యునికి చూపింపవలెను. "పోటీ అయ్యాక చూసుకుందాం" అను మాట ఆ వయస్సులో చెప్పదగినది కాదు. మాని తిరిగివచ్చిన పిల్లకు మొదట టెన్నిసు బంతి నిచ్చి, పది గజముల దూరమునుండి, సున్నపుగీతమీద ముందడుగు సరిగా పడువరకు నెమ్మదిగా విసరనిచ్చి, నొప్పి లేదని తెలిసిన పిమ్మట వారము వారము కొంచెము కొంచెముగా దూరమును పెంచుచు పోవలెను.